చేతి గడియారానికి సొంత సిమ్ అవసరమా? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున ఐదున్నరకు నడిచేవాళ్లలో చాలామంది మణికట్టుకు ఇప్పుడు ఏదో ఒక స్మార్ట్‌వాచ్ కనిపిస్తోంది. ఫోను ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పద్నాలుగు నెలల పాటు నేను ఆ కొద్దిమందిలో ఒకణ్ణి. పది వేలు అదనంగా పెట్టి సొంత మొబైల్ కనెక్షన్ ఉన్న వాచీ కొన్నాను, ఆ కనెక్షన్‌కు నెలనెలా కట్టాను, చివరకు తీసేయించాను. ఆ తర్వాత రెండు నెలలకే నర్సంపేట దగ్గర ఊళ్లో ఉండే మా అమ్మకు మళ్లీ సిమ్ ఉన్న వాచీయే కొన్నాను. దాని కనెక్షన్ తీసేసే ఆలోచన నాకు లేదు. నాకు దండగైన వస్తువు అమ్మకు ఎందుకు పనికొచ్చిందో చెబితే, మీరు ఏ వైపు ఉన్నారో మీకే తెలుస్తుంది. ఒక్కో మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: దుకాణంలో చూపిస్తున్నది ఏ రకం వాచీ?

ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు. మా బావ ఒకసారి రెండు వేల రూపాయలకు ‘సిమ్ వాచీ’ అంటూ ఒకటి తెచ్చుకున్నాడు. మాట్లాడుతుంటే వాచీలోంచి గొంతు వినిపిస్తోంది కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. ఫోను ఇంట్లో పెట్టి బజారుకు వెళ్లినప్పుడు తెలిసింది, అది బ్లూటూత్ కాలింగ్ వాచీ అని. అంటే కాల్ వచ్చేది ఫోనుకే. వాచీ ఆ ఫోనుకు పెట్టిన చిన్న స్పీకరూ మైకూ, అంతే. ఫోనుకు కొన్ని మీటర్లు దూరమైతే మూగబోతుంది. తక్కువ ధరలో దొరికే వాచీల్లో ఎక్కువ భాగం ఈ రకమే. అవి చెడ్డవని అనడం లేదు, చేతికి పిండి అంటుకున్నప్పుడు కాల్ ఎత్తడానికి భేషుగ్గా ఉంటాయి. కానీ మన చర్చ వాటి గురించి కాదు.

రెండో రకం, ఈ-సిమ్ ఉన్న వాచీ. దీనికి పెట్టే సిమ్ ఏదీ కనిపించదు, లోపలి చిప్‌లోకి ఆపరేటర్ కనెక్షన్ ఎక్కిస్తాడు. మీ ఫోను నంబరే వాచీకీ పనిచేస్తుంది, కాల్ వస్తే రెండూ మోగుతాయి. ఆపిల్ పెట్టె మీద ‘జీపీఎస్ + సెల్యులార్’ అని, సామ్‌సంగ్ పెట్టె మీద ‘ఎల్‌టీఈ’ అని ఉంటుంది. మూడో రకం, పక్కనున్న చిన్న అరలో మామూలు నానో సిమ్ పెట్టుకునేది. దానికి వేరే నంబరు ఉంటుంది. పిల్లల కోసమంటూ ఎక్కువగా అమ్మేది దీన్నే.

తేడా కనిపెట్టడానికి అమ్మేవాడి మాట అక్కర్లేదు. మొబైల్ నెట్‌వర్క్‌కు నేరుగా కలిసే ప్రతి పరికరానికీ పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. పెట్టె మీద గాని వాచీ సెట్టింగ్స్‌లో గాని ఆ నంబరు లేకపోతే అది బ్లూటూత్ వాచీయే. పాత వాచీ కొంటున్నట్లయితే, కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపండి. అది ఏ పరికరానిదో, బ్లాక్ చేసిన నంబరేమో ప్రభుత్వ వ్యవస్థ నుంచి జవాబు వస్తుంది.

ఇంకో మాట. ఆపిల్ వాచీ ఐఫోన్‌తో తప్ప జతకాదు. గెలాక్సీ వాచీల్లో ఇప్పటివి ఐఫోన్‌తో జతకావు, ఆండ్రాయిడ్ కావాల్సిందే. వాచీ నచ్చిందని ఫోను మార్చుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

రెండో మెట్టు: పద్నాలుగు రోజులు ఒక చిన్న పుస్తకం

సిమ్ ఉన్న వాచీ వల్ల కలిగే ప్రయోజనమంతా ఫోను మీ దగ్గర లేని సమయంలోనే. ఫోను జేబులో ఉంటే వాచీ బ్లూటూత్ ద్వారా దానితోనే మాట్లాడుతుంది, సిమ్ పడుకుని ఉంటుంది. ఫోను దూరమైతే తెలిసిన వైఫై కోసం వెతుకుతుంది. అదీ లేకపోతేనే మొబైల్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. కాబట్టి వాచీ గురించి చదవడం ఆపి, ముందు మీ రోజు గురించి రాయండి.

చిన్న నోటు పుస్తకంలో పద్నాలుగు రోజులు ఇలా రాసుకోండి. ఫోను నా దగ్గర లేదు, ఇంటి వైఫై కూడా అందదు, అలాంటి నిమిషాలు ఎన్ని? ఆ నిమిషాల్లో ఎవరు ఫోన్ చేశారు? అప్పుడే ఎత్తకపోతే ఏమయ్యేది?

నేను ఈ పని వాచీ కొన్న ఏడాదికి చేశాను, అదే నా తెలివి. పద్నాలుగు రోజుల్లో ఫోను లేకుండా గడిపిన సమయం ఆరు గంటలు. అదంతా తొమ్మిది రోజుల నడకే, రోజుకు నలభై నిమిషాలు. ఆ ఆరు గంటల్లో వచ్చిన కాల్స్ రెండు. ఒకటి తమ్ముడిది, సాయంత్రం చేసినా సరిపోయేది. రెండోది పర్సనల్ లోన్ కావాలా అని.

రాసేటప్పుడు ఒక పొరపాటు చేయకండి. అడుగుల లెక్క, గుండె వేగం, నడిచిన దారి, ముందే వాచీలోకి ఎక్కించుకున్న పాటలు, వీటిలో దేనికీ సిమ్ అక్కర్లేదు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది, ఆపరేటర్ నుంచి కాదు. ‘పరుగు కోసం సెల్యులార్ తీసుకున్నా’ అని చెప్పే కుర్రాళ్లను నిట్ గ్రౌండ్ దగ్గర చూస్తుంటాను. వాళ్లలో చాలామందికి పదివేలు తక్కువ వాచీ అదే పని చేసిపెట్టేది. అలాగే మేడ మీద ఫోను ఛార్జింగ్‌లో ఉండి మీరు కింద ఉంటే, ఇంటి వైఫై మీద సిమ్ లేని వాచీకీ మెసేజ్‌లు వస్తాయి.

మూడో మెట్టు: ఫోను వదిలి బయటికి వెళ్తే నిజంగా ఏం జరుగుతుంది

కాల్స్ వస్తాయి, వెళ్తాయి. పాటలు నేరుగా వినవచ్చు, దారి చూపించే మ్యాప్ పనిచేస్తుంది. వాట్సాప్ విషయంలో గెలాక్సీ లాంటి ఆండ్రాయిడ్ తరహా వాచీలు ముందున్నాయి. 2023లోనే వాటికి సొంత యాప్ వచ్చింది, ఎల్‌టీఈ ఉంటే ఫోను పక్కన లేకున్నా నడుస్తుంది. ఆపిల్ వాచీకి ఆ యాప్ 2025 నవంబరులో గాని రాలేదు.

ప్రకటనల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆపిల్ వాచీకి సిమ్ ఉన్నా, మామూలు ఎస్ఎంఎస్‌లు, బయటి యాప్‌ల నోటిఫికేషన్లు రావాలంటే ఇంట్లో ఉన్న ఐఫోన్ ఆన్‌లో ఉండి నెట్‌వర్క్‌కు కలిసి ఉండాలి. ఫోను బ్యాటరీ అయిపోయి ఆగిపోతే బ్యాంకు ఓటీపీ వాచీకి చేరదు. స్వతంత్రం అనుకున్నది సగం స్వతంత్రమే.

అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. నడక అయిపోయాక పాల ప్యాకెట్టు, ఇడ్లీ పార్సిలు, భద్రకాళి గుడి దగ్గర కొబ్బరికాయ, అన్నిచోట్లా క్యూఆర్ కోడే. దాన్ని స్కాన్ చేయడానికి వాచీకి కెమెరా లేదు. యూపీఐ యాప్ మీ ఫోనులోని సిమ్‌కు ముడిపడి ఉంటుంది. నేను వాచీ కొన్నప్పటికి ఆపిల్ పే మన దేశంలో లేదు. పాశ్చాత్య దేశాల్లో వాచీ తాకించి కాఫీ కొనుక్కుంటున్నట్లు చూపించే వీడియోలు చూసి నేను కొన్నాను. ఇక్కడ మాత్రం నెల తిరిగేసరికి, ‘పాలు తెస్తావా?’ అన్న రోజుల్లో ఫోను మళ్లీ జేబులోకి రావడం మొదలైంది. నా కనెక్షన్ తీసేయించడానికి మొదటి కారణం పాల ప్యాకెట్టు.

నాలుగో మెట్టు: కాగితం మీద డబ్బు లెక్క

ఖర్చు మూడు చోట్ల ఉంటుంది. మొదటిది వాచీ ధరలో తేడా. 2024లో ఆపిల్ సిరీస్ 10 విడుదలైనప్పుడు మామూలుది రూ. 46,900, సెల్యులార్ రూ. 56,900. అదే ఏడాది వచ్చిన గెలాక్సీ వాచ్ 7 చిన్న సైజు బ్లూటూత్ రూ. 29,999, ఎల్‌టీఈ రూ. 33,999. అంటే ఒకచోట పది వేలు, ఒకచోట నాలుగు వేలు.

రెండోది నెలవారీ రుసుము. ఇది ఆపరేటర్‌ను బట్టి, ప్లాన్‌ను బట్టి మారుతుంది, కొన్ని ప్లాన్లలో కలిసే వస్తుంది. లెక్క కోసం నెలకు వంద అనుకుందాం. పోస్ట్‌పెయిడ్ ధరలు సాధారణంగా పన్ను కలపకుండా చెబుతారు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మూడేళ్లకు రూ. 4,248. వాచీ తేడా పది వేలు కలిపితే రూ. 14,248.

ఇప్పుడు నా నోటు పుస్తకం తీయండి. రెండు వారాలకు ఆరు గంటలు, అంటే మూడేళ్లకు 468 గంటలు. గంటకు ముప్పై రూపాయలు. వినడానికి ఫర్వాలేదనిపిస్తుంది. కాల్స్ లెక్కన చూస్తే రెండు వారాలకు రెండు, మూడేళ్లకు 156. ఒక్కో కాల్‌కు తొంభై ఒక్క రూపాయలు, అందులో సగం లోన్ ఇస్తామనే కాల్స్. ఈ అంకె చూసిన రోజు మా ఆవిడ ఏమీ అనలేదు, చిన్నగా నవ్వింది. అనడమే నయం.

మూడో ఖర్చు దాక్కుని ఉంటుంది. వాచీ కనెక్షన్‌కు చాలా సందర్భాల్లో పోస్ట్‌పెయిడ్ నంబరు అడుగుతారు. మీరు ప్రీపెయిడ్‌లో ఉంటే, మారడం వల్ల నెల ఖర్చు ఎంత పెరుగుతుందో దాన్ని ముప్పైఆరుతో గుణించి కలపండి. నెలకు నూటయాభై పెరిగితే అదే రూ. 5,400. అది వాచీ బిల్లులో కనిపించదు.

ఐదో మెట్టు: మీ ఆపరేటర్, మీ టవరు

ఈ-సిమ్ వాచీలో ఉండే కనెక్షన్ ఫోనులో ఉన్న ఆపరేటర్‌దే అయి ఉండాలి. ఫోనులో ఒక కంపెనీ, వాచీలో ఇంకో కంపెనీ కుదరదు. మన దేశంలో ఆపిల్ సెల్యులార్ వాచీలు 2018లో జియో, ఎయిర్‌టెల్‌లతో మొదలయ్యాయి. రెండు సిమ్‌ల ఫోను వాడేవాళ్లు ముందుగా ఏ నంబరు వాచీకి కావాలో తేల్చుకోవాలి. బంధువులు చేసే నంబరు ఒకటి, వాచీకి కుదిరే నంబరు ఇంకొకటి అయితే ఆ వాచీ అలంకారానికే.

తర్వాత సిగ్నల్. వాచీలో యాంటెన్నాకు ఉండే చోటు గోరంత. ఫోనులో రెండు గీతలు కనిపించే చోట వాచీ తడబడుతుంది, తడబడుతూ బ్యాటరీ తాగేస్తుంది. ములుగు దాటి లక్నవరం, ఏటూరునాగారం, బొగత జలపాతం వైపు వెళ్లేవాళ్లు దీని మీద ఆధారపడకండి. మేడారం జాతరలో లక్షల ఫోన్లు ఒకేసారి టవర్ల మీద పడితే వాచీకి వేరే దారేమీ ఉండదు, అదే క్యూలో నిలబడాలి. ఇక గోదావరిఖని, భూపాలపల్లి వైపు భూగర్భ గనుల్లో పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్నే రాదు, ఫోన్లలాంటి వస్తువులేవీ కిందికి పోవు.

మన దగ్గర ప్రతి వీధిలో ఒక ఇంటివాళ్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు కాబట్టి ఇది చెప్పాలి. అన్నయ్య అక్కడ చవకగా వచ్చిందని సెల్యులార్ వాచీ తెస్తే, సంతోషంగా తీసుకోండి, కానీ ఇక్కడ సిమ్ పనిచేస్తుందని నమ్మకం పెట్టుకోకండి. ఒక్కో ప్రాంతానికి తయారుచేసే మోడల్‌లో మొబైల్ బ్యాండ్లు, అంటే అది పట్టుకోగల సిగ్నల్ తరంగాలు, వేరుగా ఉంటాయి. కొనకముందే మోడల్ నంబరు తెప్పించుకుని, మీ ఆపరేటర్‌కు ఆ మోడల్ నడుస్తుందో లేదో అడగండి. తెలియకపోతే సిమ్ లేని మామూలు జీపీఎస్ మోడలే తెమ్మనండి.

ఆరో మెట్టు: బ్యాటరీ, మన ఎండలు

ఆపిల్ చాలా ఏళ్లు చెప్పిన ‘పద్దెనిమిది గంటలు’ ఎలా లెక్కించారో తెలుసా? అందులో మొబైల్ నెట్‌వర్క్ మీద ఉండేది నాలుగు గంటలే. మిగతా పద్నాలుగు గంటలు ఐఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే ఉంటుంది. ఫోను రోజంతా ఇంట్లో పెట్టి తిరిగేవాళ్లకు ఆ అంకె వర్తించదు. వాచీ మీద నేరుగా మాట్లాడితే ఇంకా తొందరగా అయిపోతుంది. అరగంట మాట్లాడితే ఎంత పడిపోయిందో మొదటి వారంలోనే చూసుకోండి.

ఆపిల్ వాచీని సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆ కంపెనీయే చెబుతుంది. మే నెల రామగుండంలో ఈ మాట చదివితే నవ్వొస్తుంది. ఎండకు కాలిన వాచీ చల్లబడేదాకా ఛార్జింగ్ ఆపేసుకోవచ్చు. ఎండలోంచి రాగానే ఛార్జర్ మీద పెట్టకండి, కాసేపు ఫ్యాను కింద ఉంచండి.

ఏడో మెట్టు: కొన్నాక కనెక్షన్ పెట్టించుకోవడం

ముందు ఫోను, వాచీ రెండిటి సాఫ్ట్‌వేర్ కొత్తదానికి మార్చుకోండి. ఆపిల్ అయితే ఐఫోన్‌లోని వాచ్ యాప్‌లో సెల్యులార్ అన్న చోట, సామ్‌సంగ్ అయితే గెలాక్సీ వేరబుల్ యాప్‌లో మొబైల్ ప్లాన్లు అన్న చోట మొదలుపెట్టాలి. ఆపరేటర్ పేజీ తెరుచుకుంటుంది, నంబరు, ఓటీపీ అడుగుతుంది. వెంటనే పని చేయకపోతే కంగారు పడొద్దు, కొన్నిసార్లు కొన్ని గంటలు పడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. ఫోను ఆన్‌లోనే ఇంట్లో ఉంచండి. వాచీలో వైఫై ఆపండి. వీధి చివరిదాకా నడవండి. ఆపిల్ వాచీలో సెల్యులార్ గుర్తు ఆకుపచ్చగా మారితే మొబైల్ నెట్‌వర్క్ మీదికి వచ్చినట్లు. ఒక కాల్ చేయండి, ఒకటి చేయించుకోండి, ఒక ఎస్ఎంఎస్ తెప్పించుకోండి. ఈ మూడూ మీరు రోజూ నడిచే చోట కూడా చేసి చూడండి, దుకాణం ముందు పనిచేయడం లెక్కలోకి రాదు.

ఎనిమిదో మెట్టు: పెద్దవాళ్ల కోసమైతే లెక్క మారుతుంది

మా అమ్మకు మంచి ఫోనే ఉంది. అది ఎప్పుడూ టీవీ పక్కన ఉంటుంది. ఆమె మాత్రం పెరట్లో, బర్రెల కొట్టం దగ్గర, పక్కింటి అరుగు మీద. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ఫోనుకు దూరం. నా నోటు పుస్తకంలో రెండు వారాల సమయం ఆమె ఒక్క రోజులో దాటేస్తుంది. ఇంట్లో వైఫై లేదు. ఆమెకు చేసే కాల్స్ అన్నీ ఎత్తి తీరాల్సినవే, ఎందుకంటే ఎత్తకపోతే మేం ముగ్గురం అన్నదమ్ములం పక్కింటివాళ్లకు ఫోన్లు చేసి పరుగులు పెట్టిస్తాం.

అమ్మ కోసం చేసిన పనులు చెబుతాను. అత్యవసర కాంటాక్టులుగా నన్ను, పక్కింటి చిన్నమ్మను పెట్టాను. సాయం కోసం పక్క బటన్ ఎలా నొక్కాలో చెప్పి వదిలేయలేదు, వారం రోజులు రోజూ నొక్కించాను. కిందపడితే గుర్తించే సదుపాయం ఆన్ చేశాను. ఆపిల్‌లో 55 ఏళ్లు దాటిన వయసు నమోదు చేస్తే అదే ఆన్ అవుతుంది, గెలాక్సీలో మనమే ఆన్ చేయాలి. గట్టిగా పడి, కదలకుండా, వాచీ అడిగినదానికి జవాబు ఇవ్వకపోతే అది సాయం కోసం కబురు పంపుతుంది. ఇది ఇంటి బయట పనిచేయాలంటే సిమ్ కావాలి, లేదా ఫోను పక్కనే ఉండాలి. ఫోను పక్కన పెట్టుకునే మనిషికి ఈ వాచీ అవసరమే ఉండేది కాదు. 112, 108 నంబర్లు కూడా కాంటాక్టుల్లో పెద్ద పేర్లతో పెట్టాను.

అబద్ధపు హెచ్చరికలు ఉంటాయి. బండ మీద దుప్పటి బాదుతుంటే ‘పడిపోయారా?’ అని అడిగిందట. ‘నేనెందుకు పడతాను, దాన్నే బాదుతున్నా’ అని వాచీకి జవాబు చెప్పింది. ఇప్పుడు బట్టలుతికేటప్పుడు తీసి గూట్లో పెడుతోంది, ఉతకడం అయ్యాక పెట్టుకోవడం మరిచిపోతోంది. ఛార్జింగ్‌కు మాత్రం ఒక దారి దొరికింది. రాత్రి సీరియల్ మొదలైనప్పుడు ఛార్జర్ మీద పెట్టడం, పడుకునేముందు తీసి చేతికి పెట్టుకోవడం. రాత్రి బాత్రూముకు లేచినప్పుడే పడే ప్రమాదం ఎక్కువ కాబట్టి రాత్రంతా ఛార్జర్ మీద ఉంచవద్దని చెప్పాను.

పిల్లల విషయంలో క్లుప్తంగా చెబుతాను. ముందు బడిలో అనుమతి ఉందో అడగండి, చాలాచోట్ల ఉండదు. పోటీ పరీక్షల హాలులోకి ఏ స్మార్ట్‌వాచీనీ రానివ్వరు.

చివరి మెట్టు: వద్దనుకున్నప్పుడు తీసేయడం

కనెక్షన్ తీసేయడం పెట్టించుకున్నంత తేలిక కాదు. వాచీని ఫోను నుంచి విడదీసేటప్పుడు ప్లాన్ ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది. తీసేయమని నొక్కినా బిల్లు దానంతటదే ఆగుతుందని నమ్మకండి. నాకు రెండు నెలలు అదనంగా బిల్లు వచ్చింది. మూడుసార్లు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకున్నాకే ఆగింది. అందుకే ఆపరేటర్‌కు విడిగా చెప్పండి, ఆ ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి, తర్వాతి రెండు బిల్లులు చూడండి. వాచీ ఇంకొకరికి అమ్ముతుంటే మీ ఖాతా నుంచి కూడా తొలగించాలి, లేకపోతే కొన్నవాళ్లకు అది తెరుచుకోదు.

నా వాచీ ఇప్పుడు సిమ్ లేకుండానే వడ్డేపల్లి కట్ట మీద అడుగులు లెక్కపెడుతోంది. ఫోను ఇంట్లోనే ఉంటుంది, పాల కోసం జేబులో వంద నోటు ఉంటుంది.